బోణీ వేలు

"రాత్రి మాత్ర వేసుకోలేదా?" అన్నాడు భర్త, అద్దంలో తల దువ్వుకుంటూ.

ఇంతకీ ఆమె అన్నదేమిటి? తడి తువ్వాలు మంచం మీద పడెయ్యకండి, పరుపు నానిపోతోంది అంది. అంతే కదా! గొంతు పెంచలేదు, గిన్నెలు విసిరికొట్టలేదు, పుట్టింటికి పోతానని పెట్టె సర్దలేదు. పదిహేడేళ్ళ కాపురంలో ఆ తువ్వాలు గురించి వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. ఇదివరకైతే "అబ్బ, పొద్దున్నే మొదలెట్టావా" అనేవాడు. అందులో విసుగున్నా, ఆమె ఏదో అందనీ, అది తన చెవిన పడిందనీ ఒప్పుకోవడం ఉండేది. ఆరు నెలలుగా ఆ జవాబు పోయి ఈ జవాబు వచ్చింది. పాప స్కూలు మీటింగుకి ఈసారి మీరు వెళ్ళండి అన్నా ఇదే. మీ అక్కయ్య వాళ్ళు వచ్చే ముందు ఒక్క మాట చెప్పండి అన్నా ఇదే. మనిషికి కోపం వస్తే కారణం వెతకాలి, ఆ కారణం మన దగ్గరే దొరికితే సిగ్గుపడి సర్దుకోవాలి. రోగికి కోపం వస్తే ఆ బెడద లేదు. మాత్ర వేసుకుందో లేదో కనుక్కుంటే సరిపోతుంది. ఎంత సుఖమైన ఏర్పాటు!

"వేసుకున్నాను, అయినా పరుపు తడిగానే ఉంది" అనాలనిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ మూడు లంచ్ డబ్బాలు నోళ్ళు తెరుచుకుని ఎదురుచూస్తున్నాయి, పాప ఒక మేజోడు కనపడ్డం లేదని ఇల్లు పీకి పందిరేస్తోంది, ఎనిమిదీ పదికి బస్సు. తువ్వాలు తీసి తనే ఆరేసి వంటింట్లోకి నడిచింది.

ఆ మాత్ర సంగతి చెప్పాలి. అంతకు ముందు ఏడాది పైగా ఆమె సింకు ముందు నిలబడితే అరగంట అలాగే నిలబడిపోయేది. చేతిలో పీచు ఉండేది, కుళాయి పోతూనే ఉండేది, గిన్నె మాత్రం తెమిలేది కాదు. నిద్ర పట్టేది కాదు, ఆకలయ్యేది కాదు, చివరికి ఏడుపైనా వచ్చేది కాదు. ఏడుపొచ్చినా బాగుండేది, ఇంట్లోవాళ్ళకి ఒక ఆనవాలైనా దొరికేది. ఒకరోజు తను పనిచేసే ఆసుపత్రి మెట్ల మీద సగంలో ఆగిపోయింది. ఎక్కాలో దిగాలో తెలియలేదు. పది నిమిషాలు అలా నిలబడి, దిగింది. రెండు బస్సులు మారి, ఊరి అవతల, తనను ఎరిగినవాళ్ళెవరూ రాని చోట ఒక మనసు డాక్టరమ్మ ముందు కూర్చుంది. ఎవరూ తీసుకెళ్ళలేదు. వెళ్ళమని ఎవరూ చెప్పలేదు. తన చెయ్యి తనే పట్టుకుని నడిపించుకుంటూ వెళ్ళింది. డాక్టరమ్మ పాత రకం మాత్ర ఒకటి రాసి, "నోరెండుతుంది, గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి, ఆరు వారాలు ఓపిక పట్టమ్మా" అంది. పట్టింది. ఆరో వారంలో బస్టాపు దగ్గర టీ తాగుతుంటే "ఇదేదో బాగుందే" అనిపించింది. అంత చిన్న మాటకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎన్నాళ్ళ తర్వాతో నాలుకకి ఒక రుచి తగిలింది మరి! మునిగిపోతున్నదాన్ని ఎవరో వచ్చి లాగలేదు, నా జుట్టు నేనే పట్టుకుని ఒడ్డున పడేసుకున్నాను అనుకుని ఆ రోజు ఆమె చాలా గర్వపడింది.

ఆ గర్వం పంచుకుందామని ఇంట్లో చెప్పింది. అదే పొరపాటైంది. "రెండు నెలలు వాడి ఆపెయ్" అన్నాడు భర్త. "ఎవరికీ చెప్పకు. మా అక్కకి అసలే చెప్పకు. మా ఆఫీసులో తెలిసిందంటే నా పరువేం గాను?" మాత్రల అట్టని ఆయనే స్వయంగా పాత టీపొడి డబ్బాలో దాచి పై అరలో పెట్టాడు. ఆయన బీపీ మాత్రలు మాత్రం హాల్లో, టీవీ పక్కన, వచ్చినవాళ్ళకి ఎదురుగా కనపడేట్టు ఉంటాయి. బీపీ అంటే బాధ్యతలు మోసే మగవాడికి లోకం ఇచ్చే బిరుదు. అత్తయ్య అంతా విని, "మా కాలంలో ఈ మందులెక్కడివమ్మా, ఏడుపొస్తే ఉల్లిపాయలు తరుక్కునేవాళ్ళం" అంది. అది ఎత్తిపొడుపో, చెప్పుకోవడమో ఆమెకు ఇప్పటికీ తేలలేదు.

ఇక ఆసుపత్రి. అక్కడ ఆమె పేరు ఊపిరమ్మ. ఎవరు పెట్టారో తెలియదు గానీ పదహారేళ్ళుగా అదే పేరు. మూడో అంతస్తు చివర, రెండు వరసల కర్టెన్లున్న వెచ్చటి గది ఆమెది. ఆ గదిలో ఒక మెషిన్, దానికో సన్నటి వైరు, వైరు చివర బట్టల క్లిప్పంత ఒక క్లిప్పు. క్లిప్పుని వేలి కొసకి తగిలిస్తే అందులోంచి ఎర్రటి వెలుగు చర్మంలోకి దిగి, అక్కడ నెత్తురు ఎంత జోరుగా పారుతోందో తెర మీద గీతగా చూపిస్తుంది. అప్పుడు ఆమె "ఊపిరి... పీల్చండి!" అంటుంది. ఆ "పీల్చండి" అనేది ఉన్నట్టుండి, వెనకనుంచి ఎవరో చరిచినట్టు పడాలి. మనిషి ఉలిక్కిపడి గుండెనిండా గాలి లాగుతాడు. లాగిన మరుక్షణం వేలి కొసలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, గీత గభాలున గుంటలో పడుతుంది, నాలుగైదు క్షణాలాగి మెల్లగా పైకెక్కుతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు, ఎవరూ అడగక్కర్లేదు, ఒళ్ళే చూసుకుంటుంది. లేచి నిలబడితే నెత్తురు కాళ్ళలోకి జారిపోకుండా పట్టుకునేదీ ఇలాంటి ఏర్పాటే. ఇరవైనాలుగు గంటలూ జరిగే ఈ చాకిరీని ఎవరూ పట్టించుకోరు, ఒకరోజు అటూ ఇటూ అయితే మాత్రం "ఏమైంది?" అంటారు. అచ్చం ఇల్లాలి పనే!

చిన్న పనేం కాదది. చలిగా ఉన్న చెయ్యి అబద్ధం చెబుతుంది. కాఫీ తాగొచ్చిన చెయ్యి అబద్ధం చెబుతుంది. పరిగెత్తుకొచ్చిన మనిషి, కోపంగా ఉన్న మనిషి, భయపడ్డ మనిషి, అందరి వేళ్ళూ అబద్ధాలే చెబుతాయి. అందుకే పదిహేను నిమిషాలు పడుకోబెట్టి, దుప్పటి కప్పి, అరచేతులు తన చేతుల్లోకి తీసుకుని ఏదో ఒకటి మాట్లాడుతూ వెచ్చబరుస్తుంది. గీత చూసి ఇది చల్లటి చెయ్యి, ఇది దొంగ ఊపిరి, ఇది వైరు కదిలిన గీత అని చెప్పేస్తుంది. కొత్తగా వచ్చిన డాక్టర్లు తీసిన గీతలు కోడి కెలికినట్టుంటాయి. ఊపిరమ్మ తీసినవి ముత్యాలు. ఆ ముత్యాలు గుచ్చి పెద్దపెద్ద వ్యాసాలు రాసి విదేశాలు తిరిగొచ్చినవాళ్ళు అరడజను మంది ఉన్నారు. ఏ వ్యాసంలోనూ ఈమె పేరు లేదు. ఒకదాంట్లో చివర "సిబ్బందికి కృతజ్ఞతలు" అని ఉందట. ఆ సిబ్బందిలో గది ఊడ్చే ఆవిడా, తనూ సగం సగం.

ఈసారి పరిశోధన మనసు మాత్రల మీద. దిగులుకి మందు వాడేవాళ్ళ చర్మంలో నెత్తురు పారుదల ఎలా మారుతుంది, ఒళ్ళు అసంకల్పితంగా చేసే ఈ పనులు ఎంత మందగిస్తాయి, పాత రకం మాత్రలకెంత, కొత్త రకానికెంత అని. విభాగం పెద్దాయన ఆధ్వర్యం, చిన్న డాక్టరు అనే చదువుకునే అమ్మాయి థీసిస్, ఊపిరమ్మ చాకిరీ. మొదట ఏ మందూ వాడని వాళ్ళని పిలిచి గీతలు తీశారు. ఆ తర్వాత ఏడు నెలలూ మందు వాడేవాళ్ళే వచ్చారు. నూట పన్నెండు మంది. అందులో ఎనభై మంది ఆడవాళ్ళు. "బట్టలషాపుకని చెప్పి వచ్చానండి" అనేది ఒకావిడ. "మోకాళ్ళ నొప్పి డాక్టరు దగ్గరికని చెప్పా" అనేది ఇంకొకావిడ. ఒక కుట్టు టీచరైతే వేలికి క్లిప్పు తగిలించుకుని, "ఈ వేలికి నా గురించి ఎవరికీ తెలియనిది తెలుసన్నమాట" అని నవ్వి, నవ్వుతూనే ఏడ్చింది. ఊపిరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని పావుగంట కూర్చుంది. తన చెయ్యీ అలాంటిదేనని చెప్పలేదు. ఆ చెప్పకపోవడం తర్వాత ఎన్నో రోజులు ముల్లులా గుచ్చింది.

ఆ గదిలో ఒక అలవాటుంది. పొద్దున్నే మొదటి మనిషి రాకముందు, మెషిన్ సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి ఊపిరమ్మ తన వేలికే క్లిప్పు పెట్టుకుని, తనే "పీల్చు" అనుకుని, ఒక గీత తీసి దాచిపెడుతుంది. దాన్ని బోణీ అంటారు. బోణీ వేలు ఊపిరమ్మదే. పదహారేళ్ళుగా ఆమె గీత గుంట వందకి అరవై వంతులు, గడియారంలా. మాత్ర మొదలెట్టిన మూడో వారంలో ఆ గుంట నలభైకి పూడింది. తర్వాత ఇరవై అయింది. చూడగానే ఆమెకు అర్థమైంది. తన గుట్టు తన వేలే చెప్పేస్తోంది! వేరేవాళ్ళ వేలితో బోణీ చేయించాల్సింది. కానీ ఎందుకూ అని అడిగితే ఏం చెబుతుంది? పైగా, నిజం చెప్పాలంటే, ఆ గీతను చూసుకోవడం ఆమెకు ఇష్టంగానే ఉండేది. ఇంట్లో సిగ్గుగా టీపొడి డబ్బాలో ఉన్న సంగతి ఇక్కడ తెర మీద శుభ్రంగా, మచ్చ లేకుండా వెలుగుతోంది. అది జబ్బూ కాదు, పరువూ కాదు, ఒక కొలత. అలా నోరు మూసుకుని బోణీలు దాస్తూ పోయింది. పొరపాటే, కాదనడం లేదు.

ఆ పొరపాటు ఆ మంగళవారం బయటపడింది, తువ్వాలు తగువు జరిగిన రోజే. ఏడాదికోసారి మెషిన్ చూడ్డానికి వచ్చే ఇంజనీరు బోణీ గీతలన్నీ వరసగా పేర్చి చూసి, "సార్, మీ ప్రోబ్, అదే ఈ క్లిప్పు, పోయింది" అన్నాడు. "పోయినేడు అరవై చూపించేది ఇప్పుడు ఇరవైకి వచ్చింది. అదే మనిషి, అదే వేలు. ఏడు నెలలుగా మెషిన్ మొద్దుబారిపోతోంది."

ఏడు నెలలు! మందు వాడేవాళ్ళంతా వచ్చింది సరిగ్గా ఆ ఏడు నెలల్లోనే. వాళ్ళ గీతల్లో గుంటలు పూడింది మందు వల్లా, మెషిన్ వల్లా? చెప్పేవాళ్ళెవరు? పెద్దాయన ముఖం కందగడ్డ అయింది. ఆయన కోపం ఆ భవనంలో పేరు మోసింది. ఫైళ్ళు విసురుతాడు, తలుపులు బాదుతాడు, పాపం పని ఒత్తిడి అంటారు అందరూ. చేతిలో ఉన్న ఫైలు టేబుల్ మీద కొట్టి, "ఏడు నెలలుగా గుంట పూడుతుంటే నువ్వేం చేస్తున్నావు? నిద్రపోతున్నావా?" అన్నాడు ఊపిరమ్మని. "పదహారేళ్ళ అనుభవం ఏం చేసుకోను, ఉప్పేసి ఊరబెట్టుకోనా? తీసి పారెయ్యండి. నూట పన్నెండు మందివీ పారెయ్యండి. కొత్త మెషిన్ వచ్చాక మళ్ళీ మొదటినుంచి." చిన్న డాక్టరు గోడకి ఆనుకుని నిలబడిపోయింది, కళ్ళనిండా నీళ్ళతో. ఆ అమ్మాయికి ఏడాది చదువు మునిగినట్టే.

ఊపిరమ్మకి నోరు పిడచకట్టుకుపోయింది. మాత్ర వల్ల కొంత, ముంచుకొచ్చిన దాని వల్ల కొంత. ఊరుకుంటే ఏమవుతుంది? మెషిన్ పోయిందనుకుంటారు, ఎవరికీ ఏమీ తెలియదు. బట్టలషాపని చెప్పొచ్చినావిడా, కుట్టు టీచరూ గుండెనిండా లాగిన ఊపిరి చెత్తబుట్టలోకి పోతుంది. పోనీ, బోణీ తీసేటప్పుడు నా చేతులు చల్లగా ఉన్నాయేమో సార్ అందామా? గుట్టు దాగుతుంది. కానీ చేతులు చల్లగా ఉన్నాయో లేదో చూసుకోని మనిషి తీసిన గీతల్ని ఎవరు నమ్ముతారు? అప్పుడూ అవి చెత్తబుట్టలోకే. పైగా తన చేతిపని మీద తనే బురద చల్లుకున్నట్టు. ఈ లోకంలో తనది అని చెప్పుకోవడానికి ఆమెకున్నది ఆ చేతిపని ఒక్కటే. ఇల్లు ఆయనది, వంటిల్లు అత్తయ్యది, పాప ఇంటిపేరు కూడా తనది కాదు. ఆ గీతలు మాత్రం తనవి.

"మెషిన్ బాగానే ఉంది సార్" అంది. "ఎవరి వేలైనా ఇవ్వండి, చూపిస్తాను."

దగ్గరగా నిలబడింది పెద్దాయనే. ఇంజనీరు చొరవగా కుర్చీ జరిపి, "సార్, మీరే కూర్చోండి, తేలిపోతుంది" అన్నాడు. నాకు టైము లేదంటూ ఆయన నసిగాడు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. ఎందుకు కూర్చోనో చెప్పలేక కూర్చున్నాడు. ఊపిరమ్మ ఆ వేలికి క్లిప్పు తగిలించి "పీల్చండి!" అంది. పీల్చాడు. గీత కాస్త వంగి, పైకి వచ్చేసింది. పద్దెనిమిది, ఇరవై, అంతే.

"చూశారా! చెప్పాను కదా!" అన్నాడు ఇంజనీరు.

"తేలిపోయింది కదా, పంపించెయ్యండి మెషిన్ని" అంటూ పెద్దాయన క్లిప్పు ఊడదీసుకుని లేచాడు. ఆమె వైపు చూడలేదు.

ఆమె మాత్రం గీత వైపే చూస్తోంది. చల్లటి చేతి గీత ఆమెకు తెలుసు, కోపంలో ఉన్న మనిషి గీత తెలుసు, చచ్చిన ప్రోబ్ గీత తెలుసు. ఇది అవేవీ కాదు. రోజూ పొద్దున్నే చూసుకునే గీత ఇది. తనదే అనిపించేంత దగ్గరి చుట్టం. ఓరి దేవుడా, ఈయన కూడానా! ఆయన చెయ్యి కోటు జేబులోకి దూరిపోయి ఉంది. ఒక్క మాట చాలు. ఇప్పుడే, ఇందరి ముందు, నిద్రపోతున్నావా అన్న మనిషి నోరు మూతపడిపోతుంది. ఆ మాట ఎంత రుచిగా ఉంటుందో ఆమె ఒక్క క్షణం ఊహించుకుంది, ఎందుకు అబద్ధం! కానీ ఆ గదిలో వేలు చెప్పినది గది దాటించే హక్కు తనకు లేదు. నూట పన్నెండు మందికి ఇచ్చిన మాట అది. పెద్దాయనకైతే వేరే మాటా?

"సారు రీడింగు లెక్కలోకి రాదు" అంది గట్టిగా. "పదిహేను నిమిషాలు పడుకోలేదు, కోపంలో ఉన్నారు. పద్ధతి ప్రకారం తీసిందే రీడింగు." ఇంజనీరు వైపు తిరిగి, "మీరు పడుకోండి" అంది. "నేనా?" అన్నాడతను. "మీరే. బూట్లు విప్పండి."

మరి ఆ పదిహేను నిమిషాలూ ఆ గదిలో రాజ్యం ఆమెది. ఇంజనీరు దుప్పటి కప్పుకుని బుద్ధిగా పడుకున్నాడు. పెద్దాయన కిటికీ దగ్గర నిలబడ్డాడు, వెళ్ళిపోలేదు. "పీల్చండి!" అనగానే ఇంజనీరు ఎగిరిపడ్డాడు, గీత బావిలో చేద పడ్డట్టు పడింది. అరవై రెండు. చిన్న డాక్టరుని పడుకోబెట్టింది. యాభై ఎనిమిది. ఆ అమ్మాయి దుప్పటిలోంచే "అక్కా! మెషిన్ బాగుందక్కా!" అని అరిచింది.

"మరి మీ బోణీ?" అన్నాడు ఇంజనీరు, బూట్లు తొడుక్కుంటూ. "అది ఎందుకు పడిపోయింది మేడం?"

చివరికి ఆ ప్రశ్న వచ్చింది. ఆమె బల్ల మీద పడుకుంది. దుప్పటి తనే కప్పుకుంది, క్లిప్పు తనే తగిలించుకుంది. పావుగంట ఎవరూ కదల్లేదు. ఊపిరి లాగింది. గీత కాస్త వంగి, లేచింది. లేచి కూర్చుని, తెర మీద ఆ లోతులేని గుంటని వేలితో చూపిస్తూ చెప్పింది.

"మెషిన్‌కి ఏ రోగమూ లేదు. నాకుంది. దిగులుకి మందు వాడుతున్నాను, పాత రకం. ఏడు నెలల పది రోజులైంది. నా వేలు నిజమే చెప్పింది, నేనే చెప్పలేదు. అది నా తప్పు. కానీ ఆ నూట పన్నెండూ ముత్యాల్లాంటి రీడింగులు సార్. ఒక్కటి కూడా పారెయ్యడానికి వీల్లేదు."

ఏమవుతుందోనని భయపడ్డ ఏడు నెలలూ ఏమైపోయాయో గానీ, ఆమెకు ఒళ్ళు తేలికైంది. సిగ్గు కోసం వెతుక్కుంటే ఎక్కడా దొరకలేదు. మొదట కదిలింది చిన్న డాక్టరే. గబగబా తెర ముందుకెళ్ళి బోణీలు ఒక్కొక్కటీ తిప్పుతూ, "అక్కా, మందు మొదలెట్టక ముందు, మొదలెట్టిన రోజు, మూడో వారం, ఆరో వారం... ఒకే మనిషి, ఒకే వేలు, ఒకే గది, ఏ ఒక్క రోజూ తప్పకుండా! ఇలాంటిది ఎవరి దగ్గరా ఉండదక్కా" అంది.

మధ్యాహ్నం పెద్దాయన తన గదికి పిలిపించాడు. కూర్చోమన్నాడు. పదహారేళ్ళలో ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదలు. చాలాసేపు పేపర్లు సర్దుకుంటూ ఉండి, "చూశావు కదూ" అన్నాడు.

"చూశాను సార్."

"పదకొండేళ్ళు" అన్నాడు. "మా ఇంట్లో తప్ప ఎవరికీ తెలీదు."

పదకొండేళ్ళు! పదకొండేళ్ళుగా ఈయన అరుస్తున్నాడు, ఫైళ్ళు విసురుతున్నాడు, ఒక్కరంటే ఒక్కరు మాత్ర సంగతి అడగలేదు. ఆయన కోపం హోదా అయింది, ఆమె విసుగు రోగమైంది. మాత్ర ఒకటే, జబ్బు ఒకటే, గీత ఒకటే. ఆమెకు ఆయన మీద జాలీ వేసింది, ఒళ్ళూ మండింది. రెండూ ఒకేసారి వస్తాయని అప్పుడే తెలిసింది.

"నువ్వు ఊరుకుంటే అయిపోయేది కదమ్మా" అన్నాడాయన. "ఎందుకు చెప్పుకున్నావు?"

"వాళ్ళంతా ఇళ్ళల్లో అబద్ధాలు చెప్పి వచ్చి ఇచ్చిన ఊపిరి సార్ అది. పారెయ్యడానికి చేతులు రాలేదు."

ఆయన తలూపాడు. ఒక కాగితం ఆమె ముందుకి జరిపాడు. ఆమె బోణీలు వ్యాసంలో వాడుకోవడానికి అంగీకార పత్రం. "పేరు రానివ్వం. నలభై ఒక్కేళ్ళ స్త్రీ అని వేస్తాం. అందరికీ అలాగే కదా" అన్నాడు, మేలు చేస్తున్నట్టుగా.

ఆమె పెన్ను తీసుకుంది గానీ సంతకం పెట్టలేదు. "రోగుల్లో పేరు లేకపోయినా ఫరవాలేదు సార్, అది పద్ధతి" అంది. "పనిచేసినవాళ్ళలో మాత్రం కావాలి. చివర కృతజ్ఞతల్లో కాదు. పైన, మీ అందరి పేర్లూ ఉండేచోట. చిన్న డాక్టరు తర్వాత నాది, నా తర్వాత మీది."

"అలా ఎక్కడా..." అని ఆగాడు. ఆమె చూపు తప్పించలేదు. బెదిరించడం లేదు. ఆయన రహస్యం ఆమె ఎన్నటికీ బయటపెట్టదని ఆయనకీ తెలుసు, అందుకే కాబోలు ఆయన తల దించుకున్నాడు. చేతితో రాసుకున్న ముసాయిదా తీసి, తన పేరు కొట్టేసి, కింద మళ్ళీ రాసుకున్నాడు. మధ్యలో ఆమె పేరు రాశాడు. ఇంటిపేరు ఏమిటని అడిగాడు. పదహారేళ్ళు పనిచేసిన చోట ఇంటిపేరు అడిగించుకుంది, చెప్పింది, రాసింది సరిగ్గా ఉందో లేదో వంగి చూసుకుంది. తర్వాత సంతకం పెట్టింది.

"ఇంకొకటి సార్. మెడిసిన్ చదివే పిల్లలకి ఈ పాఠం మీరు చెప్పేటప్పుడు, నా గీత గురించి నేనే చెప్తాను."

"రేపే ఉంది" అన్నాడాయన. కాగితాలు మడిచి పెట్టి, "చెప్పు. నేను ముందు వరసలో కూర్చుంటాను" అన్నాడు.

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి వార్త ఆమెకంటే ముందు బస్సెక్కి వచ్చేసింది. ఆసుపత్రి స్టోర్సులో భర్త స్నేహితుడొకాయన ఉన్నాడు లెండి. భర్త హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. అత్తయ్య సోఫా అంచున కూర్చుని ఉంది. పాప పుస్తకం అడ్డం పెట్టుకుని చెవులు రిక్కించింది.

"ఏం చెప్పావు వాళ్ళకి?"

"ఉన్నదే చెప్పాను."

"ఎవడడిగాడు నిన్ను? పదిమందిలో నిలబడి, నేను పిచ్చి మాత్రలు మింగుతున్నానని చాటింపేసుకుంటావా? వాడు ఫోన్ చేసి, చెల్లెమ్మకి ఎలా ఉందిరా అని పరామర్శిస్తున్నాడు నన్ను! రేపట్నించి నేను బయట ఎలా తిరగను?" గొంతు తగ్గించాడు, పక్కింటి కిటికీ గుర్తొచ్చి. "విను. ఇప్పటికైనా మించిపోయింది లేదు. రేపు పొద్దున్నే వెళ్ళి, కంగారులో ఏదో అనేశాను, అవి విటమిన్ మాత్రలు అని చెప్పు. మీ పెద్ద డాక్టరుతో నేను మాట్లాడతాను, కావాలంటే."

ఆమె చెప్పులు విప్పి, బ్యాగు కుర్చీకి తగిలించింది. మంచినీళ్ళ సీసా ఎత్తి, తొందర లేకుండా గుక్క తర్వాత గుక్క తాగింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. సంజాయిషీ కోసమో, కన్నీళ్ళ కోసమో, కనీసం ఒక కేక కోసమో ఎదురుచూస్తున్నారు.

"రేపు పొద్దున కుదరదండి" అంది. "పదింటికి నాకు క్లాసుంది."

"క్లాసేంటి? ఈ వయసులో నువ్వేం వింటావు?"

"వినడానికి కాదు, చెప్పడానికి. డాక్టర్లు కాబోయే పిల్లలు అరవై మంది వస్తున్నారు, ఈ మందు వేసుకున్న మనిషి ఒంట్లో నెత్తురు ఎలా నడుస్తుందో నా దగ్గర నేర్చుకోవడానికి" అని, సీసా మూత బిగించి, ఆయన కళ్ళల్లోకి చూసింది. "మీరూ రండి. వెనక బెంచీలో చోటుంటుంది."